పెద్దత్తయ్య సూత్రములకు సటీక తాత్పర్యము

మూలము

"అబ్బాయ్, మీ ముత్తాత మాకు రెండు వైపులా చుట్టమే. నందన కరువులో ఏరు దాటొచ్చారంట. కాయితాలన్నీ చెదలు తినేసినయ్. కరణంగార్నడుగు."

అవతారిక

దుర్ముఖి నామ సంవత్సరమున, అనగా 2016 ఆగస్టులో, కృష్ణా పుష్కరములు జరుగుచుండగా, ముక్త్యాల రేవున మోకాలిలోతు నీటిలో నిలిచి ఈ వ్యాఖ్యాత పితృకర్మకు ఉపక్రమించెను. పురోహితుడు తండ్రి పేరడిగెను, చెప్పితిని. తాత పేరడిగెను, కొంచెము తడుముకొని చెప్పితిని. ముత్తాత పేరడిగెను, కృష్ణవంక చూచితిని. వసు రుద్ర ఆదిత్య రూపులుగా మువ్వురను పిలువవలసిన చోట ఆదిత్యరూపుడు అస్తమించియుండెను. నా వెనుక వరుసలో నిలిచినవారు దగ్గుట ప్రారంభించిరి. పురోహితుడు దయాళువు గనుక ఏదో గొణిగి తంతు ముగించెను గాని, ఆ గొణుగుడు ఎవరికి చేరెనో అను సందేహము నన్ను తడిబట్టలతోనే జగ్గయ్యపేటకు పంపినది.

అచ్చట మా పెద్దత్తయ్య యున్నది. తొంబది దాటిన వయస్సు. గోంగూర ఆకు గిల్లుచు, నా ప్రశ్న పూర్తిగా వినకమునుపే, పై నాలుగు సూత్రములను వెలువరించి, మరల ఆకులలో నిమగ్నురాలయ్యెను. అల్పాక్షరములు, అసందిగ్ధమని ఆమె నమ్మకము, విస్తారమైన అర్థము: సూత్రలక్షణములన్నియు ఇందు గలవు. భాష్యము లేకున్న మనబోటివారికి కొరుకుడుపడదు.

వ్యాఖ్యాతలలో అగ్రగణ్యుడు మల్లినాథసూరి. మూలమున లేనిదానిని వ్రాయనని ఆయన ప్రతిజ్ఞ. ఆయన ఇంటిపేరు కోలాచలము, మెదకు సీమలోని కొల్చారమను ఊరినుండి వచ్చినదందురు. ఒక మహావ్యాఖ్యాత పూర్వుల చిరునామా ఇంతకాలము చెడకుండ నిలిచినది తాళపత్రముమీద కాదు, ఇంటిపేరులో. ఊరిపేరు ఇంటిపేరుగా గలవారు ఆ ఊరిలో తప్ప అంతటను కనబడుదురను చమత్కారము కూడ ఇచ్చట స్మరింపదగినది. ఊరు విడిచినప్పుడు గదా ఊరిపేరు అంటుకొనును!

ప్రథమసూత్రము: "అబ్బాయ్, మీ ముత్తాత మాకు రెండు వైపులా చుట్టమే"

అబ్బాయ్ = ఓ బాలుడా; సంబోధనము. వ్యాఖ్యాత వయస్సు అప్పటికి అరువది దాటినది. కావున ఇది వయోవాచకము కాదు, అజ్ఞానవాచకము. మీ = మీ యింటివారియొక్క; బహువచనము గౌరవార్థము కాదు, నాతోపాటు మా వంశమునంతటిని ఆ అజ్ఞానములో భాగస్వాములను చేయుటకు. ముత్తాత = అభిధచేత తండ్రికి తాత; లక్షణచేత, చెప్పువారెవ్వరును కంటితో చూచి యెరుగని పురుషుడెవడైనను. రెండు వైపులా = పుట్టింటివైపునను, మెట్టినింటివైపునను. చుట్టమే = బంధువే; ఇచ్చటి ఏకారము అవధారణార్థకము. చుట్టి చుట్టి మరల అదే గుమ్మమునకు వచ్చువాడు చుట్టమని వ్యుత్పత్తి. వ్యాకరణము ఒప్పకపోయినను లోకానుభవము ఒప్పును.

అన్వయము కొంత క్లిష్టము. పెద్దత్తయ్య మా ముత్తాతగారి తమ్మునికి మనుమరాలు. ఇది ఒక వైపు. ఆమె భర్త మా ముత్తాతగారి కూతురి కొడుకు. ఇది రెండవ వైపు. అనగా ఆమె మేనత్తకొడుకునే పెండ్లాడినది. కావున ఒక్క పురుషుడే ఆమెకు పుట్టినింట పెదతాతయు, మెట్టినింట తాతమామయు నగుచున్నాడు. వంశవృక్షమని మనవారనుట వాడుకయే గాని, వృక్షమున విడిపోయిన కొమ్మలు మరల కలియవు. మేనరికములు పరిపాటియైన దేశమున కొమ్మ పోయి కొమ్మతో పెనవేసికొనును. అట్టిదానిని వృక్షమనుటకంటె ఈతచాప యనుట మేలు. ఒక ఈనె లాగినచో నాలుగు కదలును.

ఇచ్చట శంక: ఇంత నిష్కర్షగా వరస చెప్పగలిగిన ఈమె ఆయన పేరేల చెప్పలేదు? అడిగితిని. "పేర్లెందుకయ్యా, వరస చెప్పాగా" అనెను. ఇది తప్పించుకొనుట కాదు, ఒక శాస్త్రపద్ధతి. ఆమె చెప్పిన ప్రపంచములో అందరును సంబంధములే: పెదనాన్న, చినమామ, ఆడబిడ్డ తోడికోడలు, పేరు గలవాడొక్కడును లేడు. ఇక సర్కారు పుస్తకములు తెరచినచో అందరును పేర్లే: ఫలానా, తండ్రి ఫలానా, చేను ఇంత, శిస్తు ఇంత. ఆ ఫలానా ఎవరికి అల్లుడో, ఎవరి యింట పెరిగెనో, ఆయన భార్య ఏ ఊరి పడుచో ఒక్క అక్షరము లేదు. స్త్రీ పేరు వితంతువైన పిమ్మట పట్టా ఎక్కినప్పుడు తప్ప కనబడుట అరుదు. ఒకచోట వరసలు, మరియొకచోట పేర్లు. రెంటికిని నడుమ మోకాలిలోతు నీటిలో నేను.

ద్వితీయసూత్రము: "నందన కరువులో ఏరు దాటొచ్చారంట"

నాలుగు సూత్రములలో ఇదియే ప్రౌఢము. నందన = ప్రభవాది షష్టిలో ఇరువదియారవ సంవత్సరము. కరువు = క్షామము. నందన కరువనగా 1832లో పుట్టి 1833లోను ప్రజలను తిన్న గుంటూరు కరువు; డొక్కల కరువనియు దీనికి పేరు. ఆ జిల్లాలో నాడున్న సుమారు 5 లక్షల జనములో 2 లక్షలవరకు నశించిరని అంచనా. చచ్చినవారు చావగా, కదలగలవారు కదలిరి. ఆ కదలికలోనే ఎన్నో ఇండ్ల చరిత్రకు మొదటి పంక్తి యున్నది. అంతకు ముందటిది ఆవలియొడ్డున ఉండిపోయినది.

కాని కాలగణనము కుదరదు. మా ముత్తాత 1860 ప్రాంతమున పుట్టియుండవలయునని తరముల లెక్క. పుట్టుటకు దాదాపు ముప్పదియేండ్లు ముందుగా ఏరు దాటుట అవతారపురుషులకును కష్టము. పూర్వపక్షి లేచి, 'నందన మరల 1892లో వచ్చినది గదా, అదే యేల కారాదు?' అనును. నిజమే, 1952లోను వచ్చినది, 2012లోను వచ్చినది. అరువదియేండ్లకొకమారు పాతపేరుతో తిరిగివచ్చు సంవత్సరములు గల జాతికి, తాతపేరు మనుమనికి పెట్టు ఆచారము కూడ తోడైనచో, చరిత్రకారుడు ఏమి కావలయును? ఏ నందన, ఏ ఫలానా? జాతకచక్రములు చూచువారు గ్రహములస్థితి గణించి షష్టిని నిర్ణయింతురు. మా యింట జాతకములు లేవు. పూర్వపక్షమునకు సమాధానము చివర దొరకును గాన ఇప్పటికి విడుచుచున్నాను.

ఏరు = నది; ఏ నది? కృష్ణయని సంప్రదాయజ్ఞుల మతము. గుంటూరుసీమనుండి ఉత్తరపుటొడ్డునకు వచ్చిరని భావము. నందిగామవారైన మా బంధువులు 'ఏరనగా మున్నేరే, కృష్ణనెవరైన ఏరందురా?' అని ఆక్షేపింతురు. జగ్గయ్యపేటకు పడమట పాలేరున్నది. దాని ఆవల కోదాడవైపు నైజామురాజ్యము. పాలేరని అర్థము చెప్పినచో మేము నైజాము ప్రజలమగుదుము. కాఫీ త్రాగిన పిమ్మట మరల అడుగగా పెద్దత్తయ్య "ఏరు దాటి పోయారంట" అని పాఠాంతరము చెప్పెను. వచ్చుటకును పోవుటకును ఎంత భేదము! మా పూర్వులు ఈ యొడ్డువారై ఆ యొడ్డునకు పోయిరా? పెద్దత్తయ్య కోడలిని సాక్షిగా పిలిచితిమి. ఆమెకు 'వచ్చిరి' యనియే జ్ఞాపకము. రెండు ప్రతులు ఏకీభవించుటచేత ఆ పాఠమే గ్రాహ్యము.

అంట = అని చెప్పుదురు. ఈ రెండక్షరములు పెద్దత్తయ్య ప్రామాణికతకు గీటురాయి. తాను చూచినదానికి 'అంట' చేర్చదు, విన్నదానికి చేర్చక మానదు. ప్రత్యక్షము వేరు, ఐతిహ్యము వేరు అని పౌరాణికులు చేసిన విభాగము ఆమె క్రియాంతములోనే యున్నది. అచ్చుపడిన వంశచరిత్రలు కొన్ని చదివితిని. వానియందు 'అంట' యెక్కడను లేదు, సూర్యవంశమువరకు అన్నియు కన్నట్లే వ్రాసిరి. గోత్రము తెలియనివారందరు కాశ్యపులని మనకొక సదుపాయమున్నది. దానినే వీరు వంశమునకంతటికిని విస్తరించిరి.

వంశము చెప్పుటయే వృత్తిగా గలవారును పూర్వముండిరి. పిచ్చుకుంటలవారు, నేడు వంశరాజులనబడువారు, రైతుల గుమ్మములయందు గోత్రములను ఇంటిపేర్లను గానము చేసి ధాన్యము గొనిపోయెడివారు. పద్మశాలీలకు సాధనాశూరులు, మాదిగలకు డక్కలివారు ఇట్లే. కళ్లములో కొలిచిన గింజ ఇచ్చుట మానితిమి, వారు చెప్పుట మానిరి.

తృతీయసూత్రము: "కాయితాలన్నీ చెదలు తినేసినయ్"

కాయితాలు = పత్రములు. చెదలు = ఆంధ్రదేశపు ప్రథమ పాఠకులు. తినేసినయ్ = భుజించినవి. తాత్పర్యము స్పష్టము, విశేషమే చెప్పవలసియున్నది.

కాగితములున్నచో మాత్రము వంశము తేలునా? జగ్గయ్యపేటకు పూర్వనామము బేతవోలు. తండ్రి జగ్గయ్యపేరు శాశ్వతమగునట్లు దానికి ఈ పేరు పెట్టినవాడు అమరావతిని నెలకొల్పిన రాజా వాసిరెడ్డి వేంకటాద్రినాయడు. ముక్త్యాల జమీందారులును ఆ వాసిరెడ్డి వంశీయులే; నాగార్జునసాగరునకై పాటుపడిన ముక్త్యాల రాజాగారిని ఎరుగనివారు ఈ మెట్టసీమలో లేరు. తండ్రిపేరు ఊరికి పెట్టగలిగిన వేంకటాద్రినాయడు తన పిమ్మట తండ్రి యనిపించుకొనుటకై 1798లో ఒకరిని, 1807లో మరియొకరిని దత్తు చేసికొనెను. ఆయన పోయిన తరువాత, ఇద్దరిలో ఎవరు కొడుకన్న ప్రశ్న కోర్టులెక్కి, సముద్రము దాటి, 1846లో లండనులోని ప్రీవీకౌన్సిలు తీర్పుతో ముగిసినది: మొదటి దత్తపుత్రుడు బ్రతికియుండగా రెండవ దత్తత చెల్లదని. దివాణము నిండ కాగితములున్నవారికే ఎవరు ఎవరి కొడుకో తేలుటకు దాదాపు ముప్పదియేండ్లు పట్టినది. మా యింటి చెదలపై నాకిప్పుడు అంత కోపము లేదు.

చెదలు తినని కాగితములు కొన్ని గలవు. మెకంజీదొర పక్షమున కావలి సోదరులు, వారి అనుచరులు ఊరూర తిరిగి, కరణముల దండకవిలెలనుండి వ్రాయించిన కైఫీయతులలో గ్రామముల పుట్టుపూర్వోత్తరములున్నవి. అవి ఊరి చరిత్రలు గాని, ఊరిలో దుక్కి దున్నినవాని చరిత్రలు గావు. 1858లో ఏర్పడిన ఇనాము కమీషనువారి రిజిష్టర్లు మరింత ఉపకారులు. ఇనాము మొదట పొందినవాడెవడు, ఇప్పుడనుభవించువాడెవడు, వానికిని వీనికిని సంబంధమేమి యని అడిగి వ్రాసికొనిరి. పూర్వులకు గుడిమాన్యమో, సేవకై యిచ్చిన భూమియో యున్నవారు అచ్చట తాతలను చూచుకొనవచ్చును. మావారు సేద్యగాండ్రు. జమీందారీ గ్రామమున రైతుపేరు సర్కారు లెక్కలోకంటె దివాణపు లెక్కలో నుండును. 1948 నాటి చట్టముచేత జమీందారీలు రద్దయిన పిమ్మటనే సర్కారు వారిని నేరుగా పలుకరించినది. ఆ పైన, ఏ జిల్లా కచేరీలో వెదకవలయును? కదలక కూర్చున్న ఈ ఊరు మొదట మచిలీపట్టణము జిల్లాలో నుండెను. 1859లో గుంటూరును కలిపి కృష్ణాజిల్లా యనిరి. 1904లో గుంటూరు విడిపోయెను. 2022 నుండి ఎన్టీఆర్ జిల్లా. మావారు ఒక్కమారు ఏరు దాటిరి. ఊరిని సర్కారు ఎన్నిమార్లో దాటించినది.

చతుర్థసూత్రము: "కరణంగార్నడుగు"

కరణము = గ్రామలేఖకుడు. గారు = పూజార్థకము; భయార్థకమని కొందరు. అడుగు = విధి. వంశపారంపర్యపు కరణీకములు 1984లో రద్దయినవి. లేనివానిని అడుగుమనుట అయోగ్యవాక్యమని తార్కికుడు దోషారోపణము చేయును. పెద్దత్తయ్యకు పదవి వేరు, ఇల్లు వేరు కాదు. కరణీకము పోయినను కరణముగారిల్లు పోలేదు. ఆ యింటి మనుమడు హైదరాబాదులో బ్యాంకుద్యోగి. ఫోనులో నేను చెప్పినదంతయు ఓపికగా విని, అటకమీది పెట్టెలో తాతగారి కట్ట ఒకటున్నదని, పండుగకు వచ్చినప్పుడు తీసెదనని చెప్పి, చెప్పినట్లే సంక్రాంతికి ఒక్క కాగితపు ఛాయాచిత్రమును నాకు పంపెను. గొలుసుకట్టు వ్రాత. అక్షరము అక్షరమును పట్టుకొని, కలము ఎత్తకుండ, ఈతచాపవలెనే అల్లుకొని పోయినది. సంవత్సరము పేరుండవలసిన చోట చెదపురుగు రంధ్రము. మా ఇంటిపేరు మాత్రము తెలిసినది. దానిక్రింద తండ్రి, తాత అను క్రమమున మూడు పేర్లను, పాతవ్రాతలు చదువగల ఒక వృద్ధుని సాయముతో, మూడు దినములలో విడదీసితిమి. మొదటిదియు మూడవదియు ఒక్కటే. కావున నందనలో ఏరు దాటినవాడు ఆ మూడవవాడు కావచ్చును.

దానిని పట్టుకొని జగ్గయ్యపేట పోయితిని. ఈమారు చిక్కుడుకాయలు. మొదటి పేరు బిగ్గరగా చదివితిని. పెద్దత్తయ్య వినబడనట్లు ఊరకుండెను. చెవి మందగించెనేమో యని రెండవ పేరు మరింత బిగ్గరగా చదివితిని. ఆమె తటాలున తలయెత్తి, ఆయన భార్యది వేదాద్రియనియు, ఆయనకు ఇద్దరు కొడుకులనియు, రెండవవాడు తన తాతయనియు, వానకాలమున పాము కరచి ఆయన పోయెనంట యనియు గడగడ చెప్పెను. మూడవ పేరు చదివితిని. మరల మౌనము.

అనుపలబ్ధియు ఒక ప్రమాణమని మీమాంసకులు చెప్పగా చదివితిని గాని, దానిని కన్నులార చూచుట అదే మొదలు. రెండు పేర్ల దగ్గర, రెండు పేర్లు ఒక్కటే యైన చోట, ఊరకుండుట! ఆమె భర్తను మేమందరము హెడ్మాస్టరు మామయ్య యని పిలుచుటయే గాని, ఆయన అసలు పేరు మాలో ఒక్కరికైన తెలియదు. చిక్కుడుకాయ నార తీయుచు, నావంక చూడకయే ఆమె యనెను:

"ఆ పేరు నేననకూడదయ్యా. ఇద్దరిదీ అదే. వాళ్ళమ్మ తన నాన్న పేరే పెట్టుకుంది మీ మామయ్యకి."