షట్టరు దించే కొక్కెం

దిల్‌సుఖ్‌నగర్‌లో ఓ స్టీలు సామాన్ల దుకాణం. రాత్రి తొమ్మిదిన్నర కాగానే యజమాని గోడ మేకుకున్న కొక్కెం కర్ర అందుకుని, షట్టరుకు తగిలించి బర్రున కిందికి లాగుతాడు. ఆ కర్ర ఒకప్పుడు పాములు పట్టేదని ఆయనకు తెలియదు.

ఇక్కడ కథ చెబుతున్నది ఆ కొక్కెమే. కాకపోతే ‘నేను’ అనడం దానికి చేతకాదు. పడగ విప్పిన నాగుపాము ముందు నిలబడ్డవాళ్లెవరూ ‘నేను’ అంటూ రొమ్ము చరుచుకోరట.

పుట్టుక గురించి పెద్దగా ఏమీ లేదు. వెల్డింగ్ షాపులో ఓ కడ్డీ, దాని చివర వంపు, పిడికి పాత సైకిలు రబ్బరు. పాము పొలుసులకు గీత పడకూడదని ఆ వంపు మొనను మాత్రం ఒక పూటంతా రాయించారు. ఆ నునుపంటే కొక్కేనికి ఇప్పటికీ గర్వం.

హైదరాబాద్‌లో 1995లో మొదలైన ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ, పాము కనిపిస్తే దుడ్డుకర్ర కోసం కాక ఫోను కోసం వెతకడం ఈ ఊరికి నేర్పింది. కొక్కెం మొదటి యజమాని, ఎల్బీనగర్ కుర్రాడు, అలాంటి వాలంటీర్ల వెంట తిరిగి పని నేర్చుకున్నాడు. కొక్కెం పామును నొక్కదు, మోస్తుంది. గుడ్డసంచి మూతికి ప్లాస్టిక్ పైపు ముక్క బిగించి నేలమీద పెడితే, చీకటి కన్నం దొరికిందనుకుని పాము తనంతట తానే దూరుతుంది. ఇందులో వీరత్వం ఏమీ లేదు. ఓపిక కావాలి, అంతే.

బైనాక్యులర్లంటే మాత్రం దీనికి కొంచెం కుళ్లు. 1980లో పుట్టిన బర్డ్‌వాచర్స్ సొసైటీ ఆఫ్ ఆంధ్రప్రదేశ్, ఇప్పటి డెక్కన్ బర్డర్స్, తమ పత్రికకు ‘పిట్ట’ అని ఎంత ముద్దుగా పేరు పెట్టుకుంది! వాళ్లకు తెల్లవారుజామున చెరువుగట్టు, ఫ్లాస్కులో టీ. దీనికేమో అర్ధరాత్రి ఫోను, ఎవరిదో బాత్‌రూము మూల.

ఫోన్లకు కొదవ ఉండేది కాదు. వనస్థలిపురం దగ్గర మహావీర్ హరిణ వనస్థలి ఉంది. ఒకప్పుడు నిజాం వేటాడిన అడవి, 1975లో జింకల పార్కు అయింది, 1994లో జాతీయ పార్కు. ఆ 14.59 చదరపు కిలోమీటర్లలో కృష్ణజింకలకు కంచె ఉంది. దాని చుట్టుపక్కల గుట్టలు పగిలి ప్లాట్లయ్యాయి. ఖాళీ ప్లాటులో చెత్త, చెత్తకు ఎలుక, ఎలుక వెనక జెర్రిపోతు.

2020 అక్టోబరు వానలకు సరూర్‌నగర్ చెరువు పొంగింది. 1626 నాటి చెరువు కోదండరామ్ నగర్ ఇళ్లలోకి నడిచొచ్చింది. ఓ ఇంట్లో గ్యాస్ సిలిండరు చుట్టూ ఒక పాము బిగుసుకుని ఉంది. మంచమ్మీద కూర్చున్న ముసలమ్మ అప్పటికే దానికి దణ్ణం పెట్టేసింది.

“నాగుపాము కాదమ్మా, నీరుకట్టె. విషం ఉండదు.”

“ఇసం లేకుంటే గా బుస ఏంది బిడ్డా?”

కుర్రాడు జవాబు చెప్పేలోగా నీరుకట్టె వాడి బొటనవేలు కొరికింది. వాడు నెత్తురు తుడుచుకుని, సబ్బు అడిగి, “చూసినవా, ఏం కాలే” అన్నాడు. ముసలమ్మకు అప్పటికి నమ్మకం కుదిరింది. బడిలో ఎంత చెప్పినా రాని నమ్మకం అది.

కుర్రాడు పాముల గురించి చెప్పడానికి వెళ్లే బళ్లలో మరో తంటా. జెర్రిపోతు నాగుపాముతో జతకడుతుందా అని ప్రతి తరగతిలో ఒకడు లేచేవాడు. కట్టదు. పెనవేసుకుని లేచే ఆ రెండూ చాలాసార్లు మగ జెర్రిపోతులే, కుస్తీ పడుతుంటాయి.

ఈ కొక్కెం మరిచిపోలేనిది ఒక నాగులపంచమి. అటవీశాఖ సిబ్బంది, వాలంటీర్లు కలిసి పాములవాళ్ల బుట్టలు తెరిపించారు. కోరలు పీకి, మూతి కుట్టేసిన నాగు. రోజుల తరబడి నీళ్లు లేక ఎండిన పాము భక్తులు పోసే పాలైనా మింగుతుంది. అవి ఊపిరితిత్తుల్లోకి పోతే చస్తుంది. కొక్కెం వంపు మీద ఆ పాము తడిగుడ్డలా వేలాడింది. ఎత్తినట్టే లేదు.

తర్వాత కుర్రాడికి ఫోనులో వీడియోల పిచ్చి పట్టింది. పాము పక్కటెముకలు నలిగినా సరే, వీడియోలో దర్జాగా కనిపించే పటకారు కొన్నాడు. ఆ తర్వాత ఉద్యోగం వచ్చింది, ఊరి అవతలికి మకాం మారింది. కొక్కెం బాల్కనీలో మిగిలింది. దానితో పక్కింటి మామిడికాయలు రాల్చారు, తీగకు చిక్కిన గాలిపటం లాగారు, చీపురు కట్టి బూజు దులిపారు. రెండు వానాకాలాలు గ్రిల్లుకు ఆనుకుని తుప్పు పట్టింది. తుదకు పాత పేపర్లతో పాటు తూకానికి వేశారు. మెట్రోలో ఎల్బీనగర్ తర్వాత మూడో స్టేషనే దిల్‌సుఖ్‌నగర్. అది మాత్రం ఎండలో తోపుడుబండి మీద వచ్చింది.

మొన్న వానరాత్రి, మూసిన దుకాణంలోకి షట్టరు కింది సందులోంచి పాము దూరడం చూసి వాచ్‌మన్ కేకేశాడు. ఫోను వెళ్లింది. గంటలో ఒక అమ్మాయి, వెంట ఒక అబ్బాయి, చేతిలో మెరిసే కొత్త హుక్కు.

“అన్నా, షట్టరు మెల్లగ లేపుండ్రి.”

దుకాణదారు మేకు మీది కొక్కెం తీశాడు. సగం చేత్తో, సగం దానితో షట్టరు పైకి నెట్టాడు. గిన్నెల బస్తాల వెనక జెర్రిపోతు. పది నిమిషాల్లో అది సంచిలో పడింది.

బయటికొచ్చిన అమ్మాయి కొక్కెం చూసి ఆగింది. తుప్పు మీదుగా బొటనవేలు పోనిచ్చి, మొన దగ్గర ఆపింది.

“ఈ కర్ర ఎక్కడిదన్నా?”

“షట్టరుదమ్మా. జరుగు, మూసేస్త.”