పద్నాలుగు వేల మోజు

నాలుగో తరం ఐ5, హెచ్81 బోర్డు, జీటీఎక్స్ 750 టీఐ. 2014లో ఈ కంప్యూటర్ మా ఇంటికొచ్చినప్పుడు చూడ్డానికి పక్కింటి పిల్లలు వచ్చేవారు. ఇప్పుడు పాత సామాన్లు కొనే అతను కిటికీలోంచి తొంగిచూసి, “అది ఇచ్చేస్తారా సార్?” అంటున్నాడు. అందులో ఉన్న 120 జీబీ ఎస్‌ఎస్‌డీ ఈమధ్య మొరాయించింది. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో తెరిస్తే ‘కాషన్’ అని పసుపు రంగు. పసుపు మనకు శుభమే గానీ, అక్కడ కాదు.

ఏది కొనాలన్నది నా బోర్డు ఎప్పుడో తేల్చేసింది. దానికి ఎం.2 స్లాటు లేదు. నాలుగు సాటా పోర్టులున్నాయి, వాటిలోనూ రెండే 6 గిగాబిట్లవి, మిగతా రెండింటి వేగం అందులో సగం. కాబట్టి 2.5 అంగుళాల సాటా డ్రైవే గతి. వేగం సెకనుకు మహా అయితే 550 ఎంబీ.

ఇంత తేలిగ్గా తేలిపోతే రాత్రిళ్లు ఏం చదువుకోను? నేను చదివినవన్నీ జెన్ 5 డ్రైవుల సమీక్షలే. సెకనుకు 14,000 ఎంబీ! వేడెక్కకుండా వాటికి హీట్‌సింకులు, కొన్నింటికి బుల్లి ఫ్యాన్లు. మా ఆవిడ వెనక నిలబడి, “ఇవి మన దాన్లో పడతాయా అండీ?” అంది. పడవు. అంత సూటిగా అడిగేవాళ్ల పక్కన కూర్చుని సమీక్షలు చదవడం కష్టం.

మా మేనల్లుడిది ఇంకో దారి.

“ఇంకా సాటా ఏంటి మామయ్యా? జెన్ 4 తీసుకో, 7,000 వస్తుంది.”

“స్లాటు లేదురా.”

“బోర్డు మార్చెయ్.”

బోర్డు మారిస్తే ప్రాసెసరు మారాలి. అది మారితే డీడీఆర్3 ర్యామ్ పనికిరాదు. అన్నీ కొత్తవయ్యాక ఆ గ్రాఫిక్స్ కార్డును చూస్తే జాలేస్తుంది. చివరికి పాతదాంట్లో మిగిలేది క్యాబినెట్టు, దాని మీది దుమ్ము. “విండోస్ 11 కూడా వేసుకోవచ్చు” అని వాడు చివర్లో అన్నమాట మాత్రం కాస్త గుచ్చుకుంది. నాలుగో తరం ప్రాసెసర్లను మైక్రోసాఫ్ట్ దానికి లెక్కలోకి తీసుకోలేదు. విండోస్ 10కి చూస్తే 2025 అక్టోబరు 14తోనే మద్దతు ఆపేసింది.

సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల బజారు సీటీసీకి వెళ్లాను. సాటా అనగానే కొట్టు కుర్రాడు ముందు వరుస పెట్టెలన్నీ పక్కకు జరిపి, వెనక చెయ్యిపెట్టి వెతికాడు. “ఇది చవక అన్నా” అని ఒకటి, “ఇది గట్టిది” అని ఒకటి పెట్టాడు. చవకది క్యూఎల్‌సీ, అంటే ఒక్కో గదిలో నాలుగేసి బిట్లు కుక్కుతారు. చిన్న చిన్న ఫైళ్లకు చురుగ్గానే ఉంటుంది, క్యాష్ నిండిందా, కొన్ని హార్డ్ డిస్కు వేగానికి దిగిపోతాయి. రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 ఒక్కటే 150 జీబీ చోటు అడిగే రోజుల్లో క్యాష్ నిండటం ఎంతసేపు? గదికి మూడు బిట్ల టీఎల్‌సీనే తీసుకున్నాను, 1 టీబీ.

దాని పెట్టె మీద ‘600 టీబీడబ్ల్యూ’ అని ఉంది. వ్రాతకు అంతవరకూ హామీ అన్నమాట. లెక్కేశాను: రోజుకు 40 జీబీ చొప్పున రాసినా 41 ఏళ్లు. అప్పటికి నేనుంటే, నాకు గుర్తుండాల్సింది గేమ్‌లో ఎక్కడ ఆపానన్నది కాదు, మాత్ర వేసుకున్నానా లేదా అన్నది. కింద చిన్నక్షరాల్లో అసలు సంగతుంది: ఐదేళ్లు లేదా 600, ఏది ముందైతే అది.

ఇంటికొచ్చి తగిలిస్తే విండోస్ 931 జీబీ అంది. తయారీవాడు వెయ్యితో లెక్కిస్తాడు, విండోస్ 1024తో. బంగారం కొట్లో తరుగులాంటిదే, కాకపోతే ఇక్కడ బేరమాడే వీల్లేదు.

నిజానికి గేములు ఇన్నాళ్లూ హార్డ్ డిస్కు మీదుండేవి. దాన్నుంచి సాటాకు మారితే నిమిషాలు సెకన్లయిపోతాయి. సాటా నుంచి 14,000కి ఎగబాకినా చాలా గేముల్లో కలిసొచ్చేది కొన్ని సెకన్లే. ఈ సంగతి మేనల్లుడికి చెబితే, “ఆ కొన్ని సెకన్లే మామయ్యా ముఖ్యం” అన్నాడు. వాడు ఇంజినీరింగ్ నాలుగో ఏడు, బ్యాక్‌లాగ్‌లున్నాయి.

ఇబ్బంది వచ్చిందల్లా భోజనాల దగ్గర. “లోడవుతోందే, ఒక్క నిమిషం” అన్న మాటతో ఇన్నేళ్లు నెట్టుకొచ్చాను. నిన్న అదే అన్నాను. ఆవిడ గరిటెతో సహా వచ్చి స్క్రీను చూసింది. అప్పటికే రెడ్ డెడ్‌లో ఆర్థర్ మోర్గాన్ గుర్రమెక్కి ఉన్నాడు.