ఐర్లండులో కోటలు చూసే పద్ధతి

ఐర్లండులో కారు అద్దెకు తీసుకుని కోటలు చుట్టి రావాలనుకునేవారు ముందుగా అలవరచుకోవలసిన గుణం ఒకటుంది: నదిని పట్టించుకోకపోవడం. కోట ముందు దిగండి, టికెట్టు కొనండి, మెట్లెక్కండి, ఫొటో దిగండి, మళ్ళీ కారెక్కండి. పక్కన ఏరు పారుతుంటే ఫొటో బాగా రావడానికే ఉందనుకోండి. దానిమీద వంతెన ఉంటే మన కారు అవతలికి పోవడానికి వేశారనుకోండి. అంతకుమించి ఆలోచించారా, ఇంత దేశంలో ఈ కోటను సరిగ్గా ఇక్కడే ఎందుకు కట్టారన్న అనుమానం మొదలవుతుంది. అనుమానం పట్టిన మనిషి రోజుకి నాలుగు కోటలు చూడలేడు.

అది ఎంతదూరం లాక్కుపోతుందో అథ్లోన్ సంగతి చూస్తే తెలుస్తుంది. డబ్లిన్ నుంచి గాల్వే వెళ్ళే దారిలో, షానన్ నది ఒడ్డునున్న ఊరిది. హైవే ఊళ్ళోకి పోకుండా పక్కనుంచి వెళ్ళిపోతుంది కాబట్టి తప్పించుకోవడం తేలికే. పొరపాటున ఊళ్ళోకి దిగితే పొట్టిగా, బండగా ఒక కోట కనిపిస్తుంది. ఇంగ్లండు రాజు జాన్ తరఫున 1210లో కట్టిన రాతికోట. ఫొటోకి పెద్దగా పనికిరాదు. షానన్ అప్పట్లో అక్కడ లోతు తక్కువ, మనుషులు నడిచి దాటగలిగేవారు. ఆ రేవును గుప్పిట్లో పెట్టుకోవడానికే కోట. 1691లో విలియం రాజు సేనలు తూర్పు ఒడ్డుకు వచ్చాయి. పడమటి ఒడ్డున, గద్దె కోసం అతనితో పోరాడుతున్న జేమ్స్ రాజు పక్షంవారు వంతెన కమాను ఒకటి విరగ్గొట్టి కూర్చున్నారు. దాడికొచ్చినవాళ్ళు ఆ ఖాళీమీద పలకలు పరిచారు. కస్ట్యూమ్ అనే సార్జెంటు, వెంట వస్తామన్న కొద్దిమందీ తుపాకీ గుళ్ళకు ఎదురెళ్ళి ఆ పలకలను నదిలోకి తోసేశారు. వారిలో చాలామంది తిరిగి రాలేదు. కొద్దిరోజులకు విలియం పక్షపు డచ్చి సేనాని గింకెల్ వంతెన జోలికి పోవడం మానేసి, దానికి దిగువన సైన్యాన్ని నీళ్ళలోకి దింపాడు. నది లోతు లేదని కట్టిన కోట, నది లోతు లేకనే చేజారింది. ఇది కోట లోపల గదులు ఎన్ని తిరిగినా బోధపడదు, నీళ్ళ పక్కన నిలబడితే బోధపడుతుంది. అందుకే నిలబడొద్దంటున్నాను.

రెండో సూత్రం: టికెట్టు లేనిదాన్ని చూడకూడదు. లిమరిక్‌లో కింగ్ జాన్ కోటకు టికెట్టుంది. దాని పాదాల దగ్గరే షానన్ దాటే థోమండ్ వంతెనకు లేదు. ఇప్పుడున్న వంతెన 1840 నాటిది. దానికి ముందున్న పాత వంతెన మీద 1691లో, శత్రువు వెంట పడి వచ్చేస్తాడన్న భయంతో జేమ్స్ పక్షంవారు ఎత్తుడు వంతెనను వేళకు ముందే పైకి లాగేశారు. అవతల చిక్కుకున్న వందలమంది సొంత సైనికులు కత్తికో నీటికో బలయ్యారు. ఆ యుద్ధాన్ని ముగించిన సంధి గుర్తుగా నిలిపిన రాయి కూడా వంతెనకు ఆవలి కొసనే ఉంది. నడిచి పోవచ్చు, పైసా ఖర్చు లేదు, కాబట్టి పోకండి. డబ్లిన్‌లో హేపెనీ వంతెనదీ ఇదే గతి. 1816లో వేసిన ఆ పోత ఇనుప వంతెన దాటడానికి 1919 దాకా అర పెన్నీ వసూలు చేశారు. వసూలు చేసినన్నాళ్ళూ అది చూడదగ్గ స్థలమే అయివుండాలి.

ప్రతి కోటా రేవు కోసమే పుట్టిందా అని ఎవరైనా నిలదీయవచ్చు. న్యాయమైన ప్రశ్నే. క్యాషెల్ గుట్టను 1101లోనే రాజు చర్చికి దానమిచ్చేశాడు; అక్కడ చూసేది ఎక్కువగా గుడి శిథిలాలే. పొలాల మధ్య ఒంటరిగా నిలబడే రాతి బురుజిళ్ళ కథ కూడా వేరు. డబ్లిన్ చుట్టుపక్కల జిల్లాల్లో 20 అడుగుల పొడవు, 16 అడుగుల వెడల్పు, 40 అడుగుల ఎత్తున బురుజు కట్టుకున్నవాడికి 10 పౌన్లు ఇస్తామని 1429లో చట్టమే చేశారు. గవర్నమెంటు సబ్సిడీతో లేచిన బురుజుకు నదితో పనేముంది? కానీ యాత్రికుల జాబితాలో ముందుండే పెద్ద కోటలు చూడండి: ట్రిమ్ బాయిన్ నది ఒడ్డున, కిల్కెనీ నోర్ ఒడ్డున, కాహిర్ అయితే ఏకంగా షూర్ నది మధ్యనున్న రాతి దిబ్బ మీద. ఇవన్నీ యాదృచ్ఛికమని నమ్మగలిగితే మీ యాత్ర సాఫీగా సాగుతుంది. ట్రిమ్‌లో 1995 నాటి ‘బ్రేవ్‌హార్ట్’ సినిమా తీశారన్నది మాత్రం గుర్తుపెట్టుకోండి, 14వ శతాబ్దపు వంతెన పక్కనే ఉన్న సంగతి మరిచిపోయినా ఫరవాలేదు. బ్లార్నీలో ఇరుకు మెట్లెక్కి, కోట పైన వెల్లకిలా పడుకుని, ఇనుప కడ్డీలు పట్టుకుని, తల కిందికి వేలాడేసి రాతిని ముద్దాడాలి, మాటకారితనం వస్తుందట. మనవాళ్ళలో ఆ కొరత ఎవరికుందో తెలియదు గాని, క్యూలో మాత్రం నిలబడాలి.

టికెట్టున్న వంతెన కావాలంటే ఉత్తరాన క్యారిక్-ఎ-రీడ్ ఉంది. సాల్మన్ చేపలు పట్టేవాళ్ళు దీవికి పోవడానికి కట్టుకున్న తాళ్ళ వంతెన. 20 మీటర్ల పొడవు, కింద సముద్రం 30 మీటర్ల లోతున. ఇప్పుడు దాన్ని దాటేది యాత్రికులే. ఇక్కడొక చిక్కు: అది ఉత్తర ఐర్లండు, అంటే యునైటెడ్ కింగ్‌డమ్ (యు.కె.). సరిహద్దులో చెక్‌పోస్టు ఉండదు, బోర్డుల మీద కిలోమీటర్లు పోయి మైళ్ళు వస్తాయి, అంతే. భారత పాస్‌పోర్టున్నవారి ఐరిష్ వీసా మీద బ్రిటిష్-ఐరిష్ పథకం ముద్ర లేకపోతే, యు.కె. వీసా విడిగా ఉండాలి. ఎవరూ ఆపలేదు కాబట్టి అనుమతి ఉన్నట్టేనని అనుకోకండి. ఈ వ్యాసంలో వెటకారం లేని సలహా ఇదొక్కటే.

సెలవుకి వెళ్ళేది సేద తీరడానికా, చరిత్ర పరీక్ష రాయడానికా అని చివరి అభ్యంతరం. నిజమే, సమయం తక్కువ. అయితే గంటసేపు ఎవరివో పాత కుర్చీలూ మంచాలూ చూస్తూ గదులు తిరగడం కంటే వంతెన మీద పది నిమిషాలు నిలబడటం చవక, చెప్పేదీ ఎక్కువ. ఎవరు ఎటునుంచి వస్తారని భయపడ్డారో, ఏ దారికి కాపలా కాశారో అక్కణ్ణుంచి ఒక్క చూపులో తెలిసిపోతుంది. ఇబ్బందల్లా ఒకటే. పల్లె వంతెనలు చాలావరకు ఇరుకు, ఎదురుగా ట్రాక్టరు వస్తే ఎవరో ఒకరు వెనక్కి పోవాలి, కారు ఆపే చోటుండదు. కోటకేమో విశాలమైన పార్కింగు, టీ దుకాణం, మరుగుదొడ్లు అన్నీ ఉన్నాయి. కాబట్టి కోటే చూడండి.