తొందరపడి చెప్పిన సాక్ష్యం

విశ్వాసం గట్టిగా ఉన్నవాడి ఇంట్లో కష్టం నిలవదని నేను చాలాకాలం నమ్మాను. నమ్మి ఊరుకోలేదు, నలుగురికీ చెప్పాను. ఆ నమ్మకం నన్ను చావు దాకా తీసుకుపోయింది, నా పిల్లల్ని దవాఖాన మెట్లు ఎక్కించింది. సిగ్గుపడుతూనే ఇది రాస్తున్నాను. ఎందుకంటే నాలాగే ఆలోచించి మందులు పక్కన పెట్టినవాళ్లు మన సంఘాల్లో ఇప్పటికీ ఉన్నారు.

మాది ఆత్మకూర్. ఒకప్పుడు అమరచింత సంస్థానానికి కేంద్రం, ఇప్పుడు వనపర్తి జిల్లా. జూరాల ఎడమ కాలువ పారే చోట వరి పండుతుంది. మా చెలక కాలువకు ఎత్తున ఉంది, చుక్క నీరు ఎక్కదు. వానపడితే పంట, లేకుంటే వలస. ఇంటర్ దాకా చదివినందుకు మేస్త్రీ నన్ను గుంపులో హాజరు రాయడానికి పెట్టుకున్నాడు. అది రాశాక అందరితోపాటు నేనూ తట్ట మోసేవాణ్ని. పుణెలో రేకుల షెడ్డు, గాలి ఆడని గది, పక్కపక్కనే పడకలు, రోజంతా సిమెంటు దుమ్ము. అక్కడే దగ్గు పట్టుకుంది. సాయంత్రమైతే జ్వరం, రాత్రి చెమటలు, రోజురోజుకూ చిక్కిపోవడం. ఊరికి తిరిగొచ్చాక గవర్నమెంటు దవాఖానలో తెమడ పరీక్ష చేసి క్షయ అన్నారు.

మందులకు పైసా ఖర్చు లేదు. మొత్తం 6 నెలలు వాడాలి. మొదటి 2 నెలలు నాలుగు రకాల మందులు, తర్వాతి 4 నెలలు మూడు రకాలు. మూత్రం ఎర్రగా వస్తే భయపడొద్దని, అది రిఫాంపిసిన్ మందు రంగని ఆశ కార్యకర్త ముందే చెప్పింది. ఆమె ఇంకో మాట కూడా చెప్పింది. దగ్గు తగ్గిందని మధ్యలో ఆపితే, లోపల మిగిలిన క్రిములు ఆ మందుకు లొంగకుండా తయారవుతాయని. ఆ మాట నా చెవికెక్కలేదు.

మొదటి దశ మందులు అయిపోయేసరికి దగ్గు పోయింది, ఆకలి పుట్టింది, ఒంట్లో బలం వచ్చింది. సరిగ్గా అప్పుడే ఒక ఊళ్లో స్వస్థత కూటాలు జరిగాయి. నా నెత్తిన నూనె రాసి ప్రార్థించారు. సందేహించేవాడికి దేవుని దగ్గర ఏమీ దొరకదని బోధకుడు చెప్పాడు. గోలీలు మానమని ఆయన నాతో అనలేదు. గోలీ మింగడమే సందేహమని నాకు నేనే అర్థం చెప్పుకున్నాను. వేదికెక్కి మైకు పట్టుకుని, "దేవుడు నా రోగం తీసేసిండు, ఇగ గోలీలతోటి నాకు పనిలేదు" అని సాక్ష్యం చెప్పాను. జనం చప్పట్లు కొట్టి స్తోత్రాలు చెప్పారు.

నా బుద్ధిలేనితనమంతా ఆ చప్పట్ల దగ్గరే ఉంది. పంట పోయి, అప్పు పెరిగి, పరాయి ఊళ్లో తట్ట మోసిన నేను ఆ ఒక్క రాత్రి గెలిచినవాణ్నయ్యాను. దేవుణ్ని మహిమపరుస్తున్నానని పైకి అన్నాను గాని, లోపల నా పేరే పెంచుకున్నాను. ఇంటికొచ్చి మిగిలిన గోలీలు సందుగలో పడేశాను.

నా భార్య చదువుకోలేదు గాని నాకంటే తెలివైంది. "దేవుడు బాగుచేస్తే పరీక్షల గూడ గదే తేలుతది గదా. పరీక్ష చేయించుకో, అటెన్క మానెయ్" అంది. నీకు విశ్వాసం లేదని ఆమెను పిల్లల ముందే కసిరాను. మా సంఘంలోనే ఇంకొకతను అదే మందు వాడుతున్నాడు. "అన్నా, నేను గూడ ఆపాల్నా?" అని అడిగాడు. "నీ విశ్వాసమెంతో నీకే తెల్వాలె" అన్నాను. అతను మానేశాడు. వాళ్లమ్మ పోరుపెట్టి మళ్లీ మొదలుపెట్టించింది కాబట్టి బతికాడు. నా తప్పుల్లో నన్ను ఇప్పటికీ నిద్రపోనివ్వనిది ఇదే.

చలికాలానికి దగ్గు తిరిగొచ్చింది. ఈసారి నెత్తురు పడింది. అప్పుడైనా దవాఖానకు పోవాల్సింది. సాక్ష్యం చెప్పినవాణ్ని, నలుగురికీ ఏమని చెప్పుకోను? నెత్తురు పడిన గుడ్డలు నేనే ఉతుక్కుంటూ దాచాను. పిల్లలు అదే గదిలో పడుకునేవారు. లేవలేని స్థితికి వచ్చాక నా భార్య ఆటో పిలిపించి ఎక్కించింది. సీబీనాట్ పరీక్షలో రిఫాంపిసిన్‌కు లొంగని క్షయ అని తేలింది. ఇక పాలమూరు పెద్ద దవాఖాన చుట్టూ తిరగడం, ఎక్కువ కాలం ఎక్కువ మందులు, వాంతులు, కీళ్ల నొప్పులు. పిల్లలకు రోగం అంటలేదు, దేవునికి స్తోత్రం. కాని రాకుండా కాపాడటానికి వాళ్లు కూడా నెలల తరబడి గోలీలు మింగాల్సి వచ్చింది.

మంచం మీద పడ్డాక బైబిలు మళ్లీ చదివాను. ఈసారి నాకు కావలసిన వచనాలు ఏరుకోకుండా, ఉన్నదున్నట్టు చదివాను. హిజ్కియా రాజు చావు రోగంలో ఏడ్చి ప్రార్థిస్తే దేవుడు 15 ఏళ్ల ఆయుష్షు ఇచ్చాడు. మాట ఇచ్చాక కూడా యెషయా ప్రవక్త అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద కట్టించాడు. ఎందరినో బాగుచేసిన పౌలు తన శరీరంలోని ముల్లు తీసేయమని మూడుసార్లు వేడుకున్నా అది పోలేదు. తోటి సేవకుడు త్రోఫిము జబ్బుపడితే అతన్ని మిలేతులో వదిలి సాగిపోయాడు. తిమోతికి కడుపు జబ్బుకు కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమని రాశాడు. ఆయనకు తోడుగా ఉన్న లూకా వైద్యుడు. వీళ్లలో ఎవరిది అవిశ్వాసం? చిన్నప్పటి నుంచి సండే స్కూల్లో విన్న సంగతులే ఇవి. నాకు అడ్డమొస్తాయని దాటేశాను.

మనకు సువార్త తెచ్చినవాళ్లు కూడా నాలాగా ఆలోచించలేదు. క్షయకు మందే పుట్టని రోజుల్లో, 1915లో, మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో మిషన్లు కలిసి క్షయ ఆస్పత్రి తెరిచాయి. డెన్మార్కు నుంచి వచ్చిన డాక్టర్ ఫ్రిమొట్ మొల్లర్ దాన్ని నడిపాడు. అప్పుడు రోగికి ఇవ్వగలిగింది విశ్రాంతి, మంచి గాలి, తిండి, ప్రార్థన. స్ట్రెప్టోమైసిన్ కనిపెట్టింది 1943లో. ఆ వార్డుల్లో మందు లేక నెలలూ ఏళ్లూ పడుకున్నవాళ్లు నా చేతిలోని గోలీ కోసం ఎంత ప్రార్థించి ఉంటారో! వాళ్ల ప్రార్థనకు జవాబుగా వచ్చిన మందును నేను సందుగలో పడేశాను. మన పాలమూరులోనూ మెనోనైట్ బ్రదరెన్ మిషన్ వాళ్లు ప్రార్థనతో ఆగకుండా జడ్చర్లలో దవాఖాన కట్టారు.

ఒంగోలు మిషనరీ జాన్ క్లఫ్ సంగతి కూడా అప్పుడే నాకు అర్థమైంది. 1876-78 కరవులో ఆయన బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని ఆకలిగొన్నవాళ్లకు కూలి పని చూపించాడు. కూడు కోసం మతంలో చేరకూడదని ఆ కరవులో 15 నెలలు బాప్తిస్మాలు ఆపేశాడు. తర్వాత 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. మేలు దొరికితేనే నిలిచే నమ్మకం మేలు ఆగగానే పోతుందని ఆయనకు తెలుసు. నాది అలాంటి నమ్మకమే. దేవుని మీద ఆనుకోవడం మాని దేవునితో బేరం పెట్టుకున్నాను.

రెండోసారి వైద్యంలో నేర్చుకున్నదే నాకిప్పుడు విశ్వాసం. పొద్దున గోలీలు చేతిలో పోసుకుని నా భార్య, నేను కలిసి ప్రార్థించేవాళ్లం. "ప్రభువా, ఇయ్యాల్టి దినం దాటించు" అని. అంతకుమించి అడగలేదు. నాకు రోగం మళ్లీ వచ్చిందని తెలిస్తే సంఘం వెలివేస్తుందనుకున్నాను. తెలిశాక పాస్టరుగారు వచ్చి మంచం పక్కన కూర్చుని ఏడ్చారు. మా ఆడవాళ్లు వంటకు ఎసట్లో బియ్యం పోసేముందు దేవుని పేర పిడికెడు తీసి పెడతారు. ఆ పిడికెడు బియ్యం కొన్నాళ్లు మా ఇంటికి వచ్చింది. ఒక పెద్దమ్మ తన కోళ్లు పెట్టిన గుడ్లు తెచ్చి, నేను తినేదాకా కదిలేది కాదు. పోషణకు సర్కారు నెలకు 500 రూపాయలు ఖాతాలో వేసేది. 2024 నవంబరు నుంచి దాన్ని 1,000 చేశారు. దేవుడు వీటన్నింటి ద్వారా నన్ను నడిపించాడని నేను నమ్ముతున్నాను.

పరీక్షలో క్రిములు లేవని తేలాక, అదే నోటితో మా చర్చిలో నిలబడి రెండో సాక్ష్యం చెప్పాను. మొదటిది అబద్ధమని చెప్పాను. నా మాట విని గోలీలు మానేసిన ఆ తమ్ముణ్ని అందరి ముందు క్షమించమని అడిగాను. నా భార్యను కూడా అడిగాను.

క్షయ మందులు వాడుతున్న విశ్వాసులారా, దగ్గు తగ్గినా, నూనె రాసి ప్రార్థించినా, డాక్టరు చాలనేదాకా ఒక్క రోజు కూడా ఆపకండి. పాస్టరయ్యలారా, స్వస్థత సాక్ష్యానికి మైకు ఇచ్చేముందు దవాఖాన కాగితం చూపించమని అడగండి. అడిగితే దేవుని మహిమ తగ్గదు, ఒక ఇల్లు నిలబడుతుంది.