ప్రేమవిందు బాకీ

డిసెంబరు ఒకటో తారీఖున ఇంటి మీద స్టార్ ఎక్కిందంటే చాలు, నా చేతిలో డబ్బు నిలవదు. సంక్రాంతికో దసరాకో రంజానుకో మీకూ ఇలాంటి పూనకం వచ్చే ఉంటుంది. అందుకే మీ దగ్గర దాపరికం లేకుండా జరిగింది జరిగినట్టు చెప్పేస్తాను.

మాది గుంటూరు. 1842లో మిషనరీ ఫాదర్ హయ్యర్ వచ్చినప్పటి నుంచీ మిషను ఉన్న ఊరు. ఇక్కడ క్రిస్మస్ ఒక్క రోజుతో తేలేది కాదు. ముందు సెమీ క్రిస్మస్ కూడికలు, తర్వాత అర్ధరాత్రి దాకా క్యారల్స్ రౌండ్లు, 25న కొత్తబట్టలు, 31 రాత్రి వాచ్‌నైట్ ఆరాధన, తెల్లారితే జనవరి ఒకటికి ఇంకో జత. క్యారల్స్ వాళ్లు గుమ్మంలోకొస్తే టీ, జంతికలు, ఓ కానుక కవరు. చుట్టుపక్కల ఇళ్లన్నిటికీ అరిసెలు, కేకు. ఇవన్నీ నాకు ప్రాణం. ఇందులో ఏదీ మానుకోమని ఎవరికీ చెప్పను.

మా నాయనమ్మ రోజుల్లో డిసెంబరంటే వరికోతల నెల. కూలి గింజలు ఇంటికి చేరాక పండగ వచ్చేది. నాకు జీతం ఒకటో తారీఖున పడుతుంది, పండగేమో 25న, జేబు అడుగంటిన వారంలో వస్తుంది. ఏటా అదే తేదీ అని తెలిసీ, చెప్పాపెట్టకుండా చుట్టం దిగినట్టు ఏటా కంగారుపడేవాణ్ణి.

ఒక ఏడాది నవంబరులో మా చర్చి సంఘ కమిటీ కూర్చుంది. క్రిస్మస్ నాడు సంఘమంతా కలిసి తినే ప్రేమవిందు మాలో ఎప్పుడూ తలా ఒక చెయ్యి వేసేదే. ఒకరు బియ్యం, ఒకరు కోళ్లు, ఒకరు గ్యాసు బండ. వంతులు రాసే పుస్తకం నా దాకా వచ్చింది. నా పేరుకి పైన మా తోడల్లుడి పేరు, దాని ఎదురుగా 10,000.

అంతే, నోరు నా మాట వినలేదు. ‘ఈసారి విందు మొత్తం మా కుటుంబం తరఫున’ అనేశాను. చప్పట్లు కొట్టారు. పాస్టరుగారు లేచి నిలబడి మా ఇంటిపేరు పెట్టి ప్రార్థన చేశారు. ఆ వేడిలో కోడికూర ఏం బాగుంటుంది, మటన్ బిర్యానీ పెడదామన్నాను. బిర్యానీ అన్నాక స్వీటు లేకుండా ఎలా అన్నారెవరో, సరే అన్నాను. స్వీటు అన్నాక పిల్లలకి ఐస్‌క్రీమన్నారు, దానికేం అన్నాను. టెంటు, కుర్చీలు, సౌండు, లైట్లు, అన్నిటికీ తల ఊపుకుంటూ పోయాను. ఇంటికి చేరేసరికి 300 మందికి భోజనం ఖాయమైపోయింది. ఇంట్లో ఆవిడకి ఒక్క ముక్క తెలియదు.

తెల్లారి పాస్టరమ్మగారు ఫోన్ చేసి ‘దేవుడు మిమ్మల్ని దీవించాలమ్మా’ అంటే అప్పుడు తెలిసింది. ‘ఏమండీ, విందు మనం పెడుతున్నామట’ అంది. కేకలేస్తే బాగుండేది. వెయ్యలేదు.

మొత్తం లక్షా ఇరవై వేలు తేలింది. పిల్లల ఫీజుల కోసం దాచిన 40,000 అందులోకే వెళ్లాయి. మిగతా 80,000 క్రెడిట్ కార్డు మీద గీకేశాను. క్యాటరింగ్ అతని దగ్గర గీకే మిషను ఉండటంతో అప్పు చేస్తున్నట్టే అనిపించలేదు.

ఊళ్లో ఎవరైనా మూడు రూపాయల వడ్డీ అడిగితే రక్తం తాగుతున్నాడంటాం. నా కార్డు వడ్డీ నెలకు నూటికి మూడున్నర, అంటే ఏడాదికి 42. బిల్లులో మినిమం డ్యూ రూ. 4,000 అని కనబడింది. ఇంతేనా అని అది కట్టేసి హాయిగా నిద్రపోయాను. నెలలు గడిచినా బాకీ కదలకపోతే ఒకరోజు మా ఆవిడ బిల్లు ముందేసుకుని కూర్చుంది. ఆ 4,000లో వడ్డీకి 2,800, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ 504 పోగా, అసలుకి చేరింది 696. పైగా పాత బాకీ తీరేదాకా కొత్తగా ఏం గీకినా ఆ రోజు నుంచే వడ్డీ.

లెక్క చూసిన సాయంత్రమే గాజులు తీసి నా చేతిలో పెట్టింది. ‘బంగారం మీద తెస్తే వడ్డీ ఇందులో మూడో వంతు కూడా ఉండదు, ముందు దీన్ని తీర్చెయ్యండి’ అంది. ఆవిడ చెప్పింది ముమ్మాటికీ నిజం. కానీ ఆ గాజులు వాళ్లమ్మ చేయించినవి. బ్యాంకులో తూకం వేస్తుంటే తలెత్తలేకపోయాను.

అయినా నన్ను ఎక్కువ బాధపెట్టేది ఆ డబ్బు కాదు. ఏటా మా సంఘంలో ఒక ముసలమ్మ విందు పప్పుచారుకి చింతపండు ఇచ్చేది. గింజలు తీసి, ఈనెలు ఏరి, పాత పేపర్లో పొట్లం కట్టి తెచ్చేది. ఆ క్రిస్మస్ ఉదయం కూడా తెచ్చింది. క్యాటరింగ్ కుర్రాడు అక్కర్లేదన్నాడు. నా దగ్గరకొచ్చి ‘ఈ ఏడు నా చింతపండు వద్దా అయ్యా?’ అని అడిగింది. నేను మా తోడల్లుడు బిర్యానీ రుచి చూశాడో లేదోనని చూస్తూ, ‘అన్నీ ఉన్నాయమ్మా, నువ్వు కూర్చుని తిను’ అన్నాను. ఆవిడ పొట్లం కొంగులో పెట్టుకుంది. అందరి చేతుల మీదుగా జరగాల్సిన విందుని నేను ఒక్కణ్ణే లాక్కున్నానని అప్పటికి నాకు తోచలేదు.

మోషే ధర్మశాస్త్రంలో గొర్రెపిల్లను తేలేనివాళ్లు రెండు గువ్వలో, రెండు పావురపు పిల్లలో ఇస్తే చాలు. లూకా సువార్త రెండో అధ్యాయం చూడండి, బాలయేసు పుట్టాక మరియ, యోసేపులు అర్పించింది ఆ పేదల కానుకే. ఆ అధ్యాయం ప్రతి డిసెంబరులో చదివేవాణ్ణి, పైకి చదివి వినిపించేవాణ్ణి కూడా.

గాజులు విడిపించాం. ఇప్పుడు ఏటా డిసెంబరు మొదట్లోనే బ్యాంకులో ఏడాది ఆర్‌డీ మొదలుపెడతాం, నెలకు 2,000. అది మరుసటి డిసెంబరు మొదట్లో చేతికొస్తుంది. పిల్లల బట్టలు, క్యారల్స్ కవర్లు, అరిసెల బెల్లం, విందులో మా వంతు, అన్నీ అందులోనే. కార్డు ఆవిడ బీరువాలో ఉంది. విందు మళ్లీ తలా ఒక చెయ్యి. ఈసారి పుస్తకం వచ్చినప్పుడు ‘ఇంట్లో అడిగి రాస్తా’ అని చెప్పి, మర్నాడు వెళ్లి పాతిక కేజీల బియ్యం రాశాను. చింతపండు ఎవరిదో నేను చెప్పేలోపే రాసి ఉంది.

దాని కింద మా తోడల్లుడు 15,000 రాశాడు. చూడగానే గుండెలో కలుక్కుమంది. మీతో అబద్ధం ఎందుకు? పెన్ను ఇంకా నా చేతిలోనే ఉంది. గబగబా పక్కాయనకి అందించేశాను.