డిగ్రీల బావగారు

మా బావగారు చదివింది బీకాం. చేతికొచ్చిన డిగ్రీ అదొక్కటే. నోట్లోంచి వచ్చే డిగ్రీలు మాత్రం వందల్లో ఉంటాయి. కాఫీ గ్లాసు అందుకోగానే మొదలెడతారు. "బ్లాకు దగ్గర 200, క్రాంక్ కేసు దగ్గర 100, సైలెన్సర్ గొట్టం మొదట్లో 400 దాటినా దాటొచ్చు, బామ్మర్దీ" అంటారు. కాఫీ 60 డిగ్రీల దగ్గర తాగితేనే రుచి అని కూడా ఆయనే చెప్పారు. అదెందుకో వివరించడం పూర్తయ్యేసరికి ఆ కాఫీ బెజవాడ గాలితో సమానమైపోతుంది.

ఈ వేడి లెక్కలన్నిటికీ మూలం వాళ్ళింటి వరండాలో దుప్పటి కప్పుకుని ఉన్న యెజ్డీ. వాళ్ళ నాన్నగారి బండి. కిక్కు రాడ్డే మడిస్తే గేరు రాడ్డయ్యే చమత్కారం దానిది. మైసూరులో దాన్ని కన్న ఫ్యాక్టరీ 1996లో మూతబడింది. బావగారు బ్యాంకులో రిటైరైన సాయంత్రం, మెడలో దండ తియ్యకుండానే వరండాలోకెళ్ళి, తనకి కప్పిన శాలువా తీసి బండికి కప్పారు. "ఏటా జూలై రెండో ఆదివారం జావా-యెజ్డీల పండగ. ఆ రోజుకి దీన్ని బందరు రోడ్డు మీద తిప్పుతాను" అన్నారు. ఏ జూలై అన్నది చెప్పలేదు. మేమూ అడగలేదు. ఇప్పటికి నాలుగు వెళ్ళాయి.

ఆలస్యానికి కారణం స్పేర్లు కావు, డబ్బూ కాదు. ఇంజనుకి ఏ రంగు వెయ్యాలన్నది తేలలేదు.

బావగారు ఒంటరివారేం కాదు. ఆదివారం పొద్దున్నే ఆటోనగర్ వైపు వెళితే ఈ జాతివారు కనిపిస్తారు. జేబులో రంగుల కార్డు, చంకలో నోట్‌బుక్కు, నోట్లో "ఒరిజినల్" అనే మాట. ఒక్క బోల్టూ విప్పరు గానీ ఏ బోల్టు ఎన్ని మిల్లీమీటర్లో చెబుతారు. బండి నడిపేవాణ్ణి చూస్తే వీళ్ళకి జాలి. బాగుచేసేవాణ్ణి చూస్తే అనుమానం. తమలాగే ఇంకా ఆలోచిస్తున్నవాడు దొరికితే మాత్రం టీ వాళ్ళే ఇప్పిస్తారు.

మొదటి ఏడాది కొలతలతో గడిచింది. కరోనా రోజుల్లో నుదుటికి గురిపెట్టిన థర్మామీటర్ గన్ను ఇంట్లో ఉంది. పక్కింటాయన బుల్లెట్ మీద గుణదల దాకా వెళ్ళొచ్చి ఇంకా దిగకముందే బావగారు దాని ఇంజనుకి జ్వరం చూశారు. తెర మీద "హాయ్" అని పడింది. పలకరిస్తోందని ముచ్చటపడ్డారు. అది "హాయ్" కాదనీ "హై" అనీ, ఇంత వేడి నావల్ల కాదని మొర పెడుతోందనీ వాళ్ళబ్బాయి చెప్పాడు. వెంటనే కార్ఖానాల్లో వాడే గన్ను కొన్నారు. అది వచ్చాక ఇంట్లో కొలవని వస్తువు లేదు. దోసె పెనం 210. గారెల నూనె 175. మధ్యాహ్నం మేడ మీద బండలు 58. మెరిసే అల్యూమినియం మీద గురిపెడితే మాత్రం, అద్దంలో చూసినట్టు, లోహం వేడికి బదులు చుట్టుపక్కల వేడిని చూపించి తక్కువ చెబుతుంది. ఇది తెలియక ఆయన రెండు నెలలపాటు, బుల్లెట్ సైడు కవరు కన్నా మా అక్క పెనమే ఎక్కువ కష్టపడుతోందని చెప్పుకొచ్చారు. అందులో అబద్ధమేమీ లేదని అక్క అంది.

రెండో ఏడాది రంగుల శాస్త్రం. తలుపులకేసే ఎనామిల్ 100, 120 దాటితే రంగు మారి, పొంగి, పొలుసులూడుతుంది. ఇంజనుకి సిలికాన్ రెజిన్ ఉన్న రంగు కావాలి. మామూలు రంగులో బంకని పట్టి ఉంచేది కార్బన్ గొలుసు. వేడికి అది తెగుతుంది. ఇందులో సిలికానూ ఆక్సిజనూ చేతులు పట్టుకుని ఉంటాయి, అంత తేలిగ్గా వదలవు. ఇంతవరకూ బావగారు చెప్పింది అక్షరాలా నిజం. చిక్కల్లా డబ్బా మీది అంకె దగ్గర వచ్చింది. ఒక డబ్బా 300 డిగ్రీలంది, ఇంకోటి 600 అంది. 600 డబ్బా పట్టుకుని, ఇంతకు మించింది దొరకదా అని ఆటోనగర్ అంతా తిరిగారు.

చివరికి ఒక పాత మేస్త్రి దగ్గర ఆగారు. ఆయన గాజు గ్లాసులో టీ తాగుతూ అంతా విన్నాడు.

"సార్, అల్యూమినియం 660కి కరుగుద్ది. మీ ఇంజను అంత వేడెక్కితే హెడ్డు కారి కాళ్ళ మీద పడుద్ది. అప్పుడు రంగొక్కటే గాల్లో నిలబడి ఏం చేసుద్ది?"

బావగారు ఈ మాట నోట్‌బుక్కులో రాసుకుని, కింద "పరిశీలించాలి" అని గీత గీశారు.

మూడో ఏడాది మడి మొదలైంది. రంగు ఎంత గొప్పదైనా కింద జిడ్డుంటే నిలవదని మేస్త్రి చెప్పడమే తప్పయింది. బ్లాకునీ హెడ్డునీ ఇసుక కొట్టించి తెచ్చి, థిన్నరుతో స్నానం చేయించి, కొత్త తువ్వాలు పరిచి కూర్చోబెట్టారు. వేలిముద్రలో ఉండే నూనె చాలట, రంగు అక్కడే లేస్తుందట. అందుకని ఇంట్లో ఎవరూ ఆ గదిలోకి వెళ్ళకూడదు. మా మేనకోడలు పొరపాటున హెడ్డు మీద చెయ్యేస్తే మళ్ళీ తలంటు. "మా అత్తగారు ఆవకాయ పెట్టేటప్పుడు కూడా ఇంత మడి లేదురా" అంది అక్క.

పోతలో గుంటలు కనిపిస్తే లప్పం పెట్టి చదును చేద్దామన్నారు. వేడికి అది పగిలి రాలుతుందని మేస్త్రి వద్దన్నాడు. మామూలు ప్రైమర్ వేద్దామన్నారు. కింద ప్రైమర్ మాడిపోతే పైన రంగుకి కాళ్ళుండవన్నాడు. మందంగా నాలుగు కోట్లేద్దామన్నారు. మందం ఎక్కువైతే చలువ రెక్కలకి దుప్పటి కప్పినట్టుంటుంది, పైగా పెచ్చులూడుద్ది, పల్చగా రెండు చాలన్నాడు. కొట్టింది మేస్త్రి, పది నిమిషాల్లో అయిపోయింది. మూడేళ్ళ తపస్సు పది నిమిషాల్లో ముగిసినందుకు బావగారు ఆ రాత్రి అన్నం తినలేదు.

అప్పుడు డబ్బా వెనక చిన్నక్షరాలు చదివారు. ఆరాక 200 డిగ్రీల దగ్గర గంటసేపు కాల్చాలని ఉంది. ఆయన చూపు వంటింట్లో ఓవెన్ మీద పడింది. అక్క దానికి అడ్డంగా నిలబడింది. "ఇందులో కేకు పెడతాను, హెడ్డు పెట్టను" అంది. ఆ పొగ అన్నంలో కలవకూడనిది కాబట్టి మేస్త్రి కూడా అక్క పక్షమే.

బీకాం అక్కరకొచ్చింది అప్పుడే. రోళ్ళు పగిలే రోహిణి కార్తె నడుస్తోంది. "రోజుకి 45 చొప్పున ఐదు రోజులు ఎండబెడితే 225. పైన పాతిక లాభం" అని మేడ మీద పరిచారు. మేస్త్రి నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. "ఎండకి ఎండ కలిపితే డిగ్రీలు పెరుగుతాయా సార్? అదేమన్నా వడియమా?" అన్నాడు. ఇంజను బిగించి స్టార్ట్ చేస్తే తన వేడికి తనే కాలుతుంది, పది నిమిషాలు తిప్పి చల్లార్చి, మళ్ళీ ఇరవై నిమిషాలు తిప్పండి అన్నాడు. బిగించారు. స్టార్ట్ మాత్రం చెయ్యలేదు. వేడికి రంగు పాడవుతుందేమోనని భయం.

అలా నాలుగో జూలై వచ్చింది. రెండో ఆదివారం. బంధువులొచ్చారు, కొబ్బరికాయ వచ్చింది, మేస్త్రి ఇస్త్రీ చొక్కాతో వచ్చాడు. బావగారు ఆయిలు కలిపిన పెట్రోలు ట్యాంకులో పోశారు. కుళాయి దగ్గర ఒక్క చుక్క జారి బ్లాకు మీద పడింది. జేబురుమాలుతో ఒత్తారు. రుమాలు నల్లబడింది, బ్లాకు తెల్లబడింది. 600 డిగ్రీలకి జంకని రంగు ఒక చల్లటి చుక్కకి లొంగిపోయింది.

"మోసం!" అన్నారు బావగారు.

"రంగు మంచిదే సార్. కాల్చని కుండలో నీళ్ళు పోస్తే కుండదా తప్పు?" అంటూ మేస్త్రి కిక్కు కొట్టాడు. నాలుగో కిక్కుకి యెజ్డీ దగ్గి, గొంతు సవరించుకుని, అందుకుంది. రెండు సైలెన్సర్ల నుంచీ పొగ. కాసేపటికి బ్లాకు నుంచి కూడా సన్నటి పొగ, వాసన.

"ఆపు, ఆపు, రంగు కాలిపోతోంది!"

"కాలాలి సార్!"

ఆపడానికి వెళ్ళిన మనిషి దారిలో ఆగి, లోపలికి పరుగెత్తి గన్ను తెచ్చారు. 90. 120. 150. పొగ తగ్గింది. చల్లారాక మేస్త్రి పెట్రోలు గుడ్డతో గట్టిగా తుడిచి చూపించాడు. గుడ్డ తెల్లగానే ఉంది. అందరూ చప్పట్లు కొట్టారు. బావగారు కొట్టలేదు. ఆయన చూపంతా బ్లాకు మీద మొదటి చుక్క తుడిచిన చోట, బొటనవేలంత తెల్లమచ్చ మీదే ఉంది.

"అక్కడొక్కచోట అద్దితే సరి" అన్నాడు మేస్త్రి.

"అతుకు కనపడదూ?" అంటూ బావగారు బండికి మళ్ళీ శాలువా కప్పి, కొత్త నోట్‌బుక్కు తెరిచారు. "పూర్తిగా గీకించాల్సిందే. బామ్మర్దీ, రాసుకో."