పెద్దలు లేని పంచాయితీ

మా రోజుల్లో తగువొస్తే తీర్చేవాళ్లుండేవాళ్లు. మైపాడు పక్క పాలేల్లో ఒకడి పడవ ఇంకొకడి వల తెంపిందంటే, పొద్దుగూకే లోపల పెద్దలు ఇసకలో కూర్చునేవాళ్లు. ఇద్దరి మాటా వినేవాళ్లు. తప్పెవరిదో వాళ్ల చేత కట్టించేవాళ్లు. ఎంత పెద్ద పడవ గలవాడైనా కట్టాల్సిందే.

రొయ్యకు కూడా అట్లాంటి పంచాయితీ ఒకటుండేదంటే మా మనవడు నమ్మడు. దేశాల మధ్య వ్యాపార తగువులు తీర్చే ప్రపంచ వాణిజ్య సంస్థ 1995లో పుట్టింది. మేం టైగర్ రొయ్య వేసి, తెల్లమచ్చ వైరస్ తగిలి, గుంటలు ఎండబెట్టుకున్న రోజులవి. తాబేలు తప్పించుకునే సాధనం వలకు లేకపోతే సముద్రపు రొయ్య కొనేది లేదంది అమెరికా. తాబేళ్లు మా ఒడ్డున కూడా గుడ్లు పెడతాయి, వాటిని కాపాడమనడంలో తప్పులేదు. కానీ కరీబియన్ దేశాలకు గడువూ సాయమూ ఇచ్చి, మనకు ఇవ్వకపోవడం ఏం న్యాయం? మనం, పాకిస్తాన్, మలేషియా, థాయ్‌లాండ్ కలిసి జెనీవాలో ఆ సంస్థ ముందు అమెరికాను నిలదీశాం. అవును, పాకిస్తానూ మనమూ ఒకే పక్షం! తాబేలును కాపాడుకోవచ్చు గానీ ఒకరికో న్యాయం, ఇంకొకరికో న్యాయం కుదరదని 1998లో తీర్పొచ్చింది. తర్వాత అమెరికా మన రొయ్య మీద యాంటీ డంపింగ్ సుంకం వేసి, దాని మీద అదనపు పూచీకత్తు కూడా అడిగితే మళ్లీ అక్కడికే పోయాం. 2008లో గెలిచాం.

ఇప్పుడేదీ ఆ పంచాయితీ? అప్పీలు వినేందుకు ఏడు కుర్చీలు. వాటిలో కొత్తవాళ్లను కూర్చోనీకుండా అమెరికా అడ్డుపడుతూ వచ్చింది. ఒక కేసు వినాలంటే ముగ్గురుండాలి. 2019 డిసెంబరు నుంచి ముగ్గురైనా లేరు.

అందుకే 2025లో అడిగే దిక్కు లేకపోయింది. మన సరుకు మీద అమెరికా ఆగస్టు 7న 25 శాతం సుంకం వేసింది, 27న ఇంకో 25 శాతం. రెండోది రష్యా చమురు కొన్నందుకట! గుంటలో ఏరేటర్ తిప్పేందుకు డీజిల్ పోసే ఇందుకూరుపేట రైతుకు అది ఏ దేశపు చమురో ఏం తెలుసు? అప్పుడు ఈక్వెడార్ రొయ్యకు 15 శాతమే.

మా రోజుల్లో కొనేవాడు గట్టు మీదికొచ్చి, కిలోకెన్ని రొయ్యలో కౌంటు చూసి, బేరమాడేవాడు. తగ్గిస్తే ఎందుకు తగ్గించావని మొహం మీదే అడిగేవాణ్ణి. ఆ ఆగస్టులో పట్టుబడి రోజు వచ్చినవాడు "నా చేతుల్లో ఏముంది పెద్దాయనా" అన్నాడు. వాడూ అబద్ధమాడలేదు. బేరం ఢిల్లీ, వాషింగ్టన్ మధ్య గదిలో నడుస్తుంటే మా గట్టు మీద ఎవర్నడగాలి? తాబేలు తగువప్పుడు నాలుగు దేశాలం కలిసి, అందరి ముందూ అడిగాం. ఇప్పుడు ఒక్కొక్క దేశమూ విడివిడిగా పోయి బేరమాడుతుంటే, పెద్ద పడవ గలవాడి మాటే నెగ్గుతుంది. ఇదే నా కడుపుమంట.

"తాతా, రొయ్యపిల్ల వేద్దామా?" అన్నాడు మనవడు.

"సగం వెయ్యి అబ్బయ్యా" అన్నాను. మిగతా సగం గుంటలు ఆ పంటకు ఎండే ఉన్నాయి.